జంట కోసం ఆపిన పెంగ్విన్

మగ్రీతాది జాలిగుండె అని ఊరందరికీ తెలుసు. ఆ జాలివల్ల నష్టపోయినవాళ్లకు ఇంకా బాగా తెలుసు.

కేప్ తీరంలోని పక్షుల ఆసుపత్రిలో పెంగ్విన్లకు తిండి పెట్టడం ఆమె పని. ఓడల నుంచి ఒలికిన చమురు ఒంటినిండా అంటుకుని వచ్చిన ఒక మగ పెంగ్విన్ కోలుకుని, తిరిగి సముద్రానికి వెళ్లడానికి సిద్ధమైంది. ఛాతీ విరుచుకుని నడుస్తుందని దాన్ని ఆమె దొరగారు అనేది. దానితోపాటే దొరికిన ఆడపక్షికి కాలి పుండు ఇంకా మానలేదు.

"శనివారం దీన్ని వదిలేద్దాం ఆంటీ," అంది డాక్టర్ తస్నీమ్.

"పెళ్లాం మంచాన పడుంటే మొగుణ్ణొక్కణ్ణే పంపుతావుటే? పెళ్లి కానిదానివి, నీకేం తెలుసు!"

"అవి మొగుడూ పెళ్లాలని నీకెవరు చెప్పారు?"

"చెప్పాలా? పొద్దున లేస్తే పోట్లాటేగా!"

తస్నీమ్ నవ్వేసింది. "సరే, ఇంకొక్క వారం. ఆ తర్వాత నువ్వు ఏడ్చినా ఆపను."

సముద్రపు గాలిలో పెరిగే ఈ పక్షులు దోమలెరగవు. ఊళ్లో ఉంచితే మాత్రం దోమ కుట్టి మలేరియా వస్తుంది, వచ్చిందంటే బతకడం కష్టం. అందుకే పొద్దు వాలగానే దోమతెరలు దించుతారు, నెత్తలి చేప మొప్పలో మాత్ర కుక్కి మింగిస్తారు. వెళ్లిపోయే పక్షికి మాత్ర ఆపేయడం అక్కడి పద్ధతి. దొరగారికీ ఆపేశారు. ప్రయాణం వాయిదా పడ్డాక మళ్లీ మొదలుపెట్టాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. రోజూ తన చేత్తో తినిపించే మగ్రీతాకీ తట్టలేదు. ఆ వారం వాన పడింది. తెరకు ఎక్కడో చిరుగుంది.

ఒక ఉదయం దొరగారు చేప ముట్టలేదు. తస్నీమ్ దాని నోరు తెరిచి చూస్తే లోపలంతా పాలిపోయి ఉంది.

"ఆంటీ, దీనికి మాత్ర వేస్తున్నావా?" అంది తస్నీమ్.

మగ్రీతా చేతిలోని చేప మొప్ప విప్పి చూసుకుంది; మాత్ర లేదు.

"నేనైనా అడగాల్సింది," అని తస్నీమ్ తల తిప్పుకుంది. మర్నాటికి దొరగారు పోయారు. ఆ చల్లబడిన ఒంటిని ఒళ్లో పెట్టుకుని మగ్రీతా వెక్కివెక్కి ఏడ్చింది.

కాలు మానాక ఆడపక్షిని రేవుకు తీసుకెళ్లారు. దారి పొడవునా మగ్రీతా పెట్టె మీద చెయ్యేసి, "నీ ఉసురు నాకు తగులుతుందే తల్లీ," అని గొణుగుతూనే ఉంది. ఇసుక మీద పెట్టె తెరిచారు. ఆడపక్షి ఒళ్లు దులుపుకుని, వెనక్కి ఒక్క చూపైనా చూడకుండా, అలల్లో ఆడుతున్న పెంగ్విన్ల గుంపులోకి దూకింది.

"చూశావా ఆంటీ, ఎంత హుషారుగా పోయిందో!"

మగ్రీతా ఖాళీ పెట్టె ఎత్తుకుంది.

"దీనికి వాడు అక్కర్లేదే తస్నీమ్," అంది. "వాణ్ణి వదల్లేకపోయింది నేనే."