పది అడుగుల దూరం

ఆసుపత్రి మైకులో రోజంతా ఎవరెవరి పేర్లో పిలిచే ఆవిడకి ఉన్నది ఒకే ఒక్క కోరిక. మైదానం మైకులో తన నంబరు, తన సమయం వినాలి. పుట్టుకతోనే చూపు లేదు. అయితేనేం, నలభై దాటాక పరుగు పట్టుకుంది. రోజూ డ్యూటీకి ముందు పన్నెండు చుట్లు. "ఈ వయసులో ఇదేం పిచ్చే" అన్నవాళ్ల నోళ్లు నొప్పి పుట్టాయి గానీ ఈవిడ కాళ్లు ఆగలేదు.

చేతికీ చేతికీ మధ్య తాడు పట్టుకుని పక్కన పరిగెత్తేది వదిన, బేకరీలో పిండి కలిపే మనిషి. కిందటేడు పోటీలో ఆ వదినే కొంప ముంచింది. ముగింపు గీత కనపడగానే సంతోషం పట్టలేక "అయిపోయిందే!" అంటూ ఒక్క గెంతు గెంతింది. దారి చూపేవాళ్లు ముందు గీత దాటితే ఆ పరుగు లెక్కలోకి రాదు. తాడు వదిలినా అంతే. ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది.

అందుకే ఈసారి వదిన ముందే చేతులెత్తేసింది.

"నాకొద్దమ్మా. పరుగుల క్లబ్బులో ఇంకెవరినైనా అడుగు. నా కాళ్లు నా మాట వినవు."

"నీ పిండి వాసన పక్కన లేకపోతే నాకు అడుగు పడదు వదినా. మాట్లాడకుండా రా."

వచ్చింది. పోటీ మొదలైనప్పటినుంచీ మలుపు మలుపుకీ "ఎడమకి", "ఇక నేరుగా" అని చెబుతూనే ఉంది. ఆఖరి చుట్టు చివర్లో ఉన్నట్టుండి తాడు వెనక్కి బిగిసింది.

"ఏమైంది?"

"గీతే. పది అడుగులు. భయమేస్తోందే, మళ్లీ చెడగొడతానేమో!"

నిలబడినచోటే మేకు కొట్టినట్టు ఆగిపోయింది మహాతల్లి. మరదలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నేరుగానేనా?"

"నేరుగానే."

"అయితే తాడు వదలకు!"

లాగింది. పిండి బస్తాలెత్తే మనిషి, బరువు తక్కువా! పంటి బిగువున పది లెక్కపెట్టి, నమ్మకం చాలక పదకొండో అడుగూ వేసింది. వెనకనుంచి వదిన వచ్చి వీపుకి గుద్దుకుంది.

మైకు గరగరలాడింది. "పదిహేడో నంబరు. నలభై ఒక్క నిమిషాల ఆరు సెకన్లు."

అందరికన్నా ఆఖరు. ఆవిడకి మాత్రం కడుపు నిండిపోయింది. వదిన మెడ చుట్టూ చేతులు వేసి, "నువ్వు లేకపోతే నాకీ పరుగే లేదు వదినా" అంది.

వదిన ముక్కు చీదుకుంది. "నేనేం చేశానే? చివరికి నన్నే ఈడ్చుకొచ్చావు."

"నాలుగేళ్లుగా నన్ను తీసుకొస్తున్నది నువ్వేగా. ఆ పది అడుగులైనా నా వంతు కానీ."