ఆమె పేరున ఉన్న చెరువు

జాస్మిన్ గంజి వారుస్తుంటే పేటలో ఉండే వరహాలమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని పెరటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. అక్కడి బోరు నీళ్లు ఉప్పుతేలిపోయాయట. కాలవ నీళ్లు తాగి మనవరాలు వాంతులతో ఆసుపత్రి పాలై నిన్ననే ఇల్లు చేరిందట. తాగడానికి ఒక్క బిందెడు పొయ్యమని అడిగింది. అలవాటు చేస్తే రోజూ వస్తారని వసారాలోంచి అత్తగారు వినపడేలా గొణిగింది. జాస్మిన్ ఫిల్టరు కుళాయి తిప్పింది.

బిందె నిండుతున్నంతసేపూ తల ఎత్తలేకపోయింది. పేటని ఆనుకుని ఉన్న రొయ్యల చెరువు ఆమె పొలంలోదే. తల్లి టీచరు ఉద్యోగం చేసి కొని, పోయేముందు కూతురి పేర రాసిచ్చిన పొలం.

"మా చెరువు వల్లేనేమో వరహాలమ్మగారూ," అంది చివరికి.

"మీరేం చేస్తారండి. అయ్యగారు లీజుకిచ్చుకున్నారు. ఆడోళ్ల మాట ఎక్కడ చెల్లుద్దండి," అంది వరహాలమ్మ, ఓదార్పుగా.

ఆ ఓదార్పు జాస్మిన్‌ను రోజంతా వదల్లేదు. బళ్లో నీటి కాలుష్యం పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయింది. మూడేళ్ల కిందట భర్త బెంజమిన్ పొలాన్ని రొయ్యల చెరువుకిచ్చే లీజు కాగితాలు వంటింట్లోకే పట్టుకొచ్చాడు. ఇవన్నీ నీకర్థం కావులే, ఇక్కడ పెట్టు అని వేలితో చోటు చూపించాడు. దోసెల పిండి అంటిన చెయ్యి కొంగుకి తుడుచుకుని సంతకం పెట్టేసింది. అర్థం కాకపోవడమేమిటి, సైన్సు చెప్పే మనిషికి? అప్పటికే పక్క ఊళ్లో రొయ్యల చెరువుల ఉప్పునీటికి గట్లమ్మట కొబ్బరిచెట్లు మొవ్వు వాడి చచ్చిపోవడం కళ్లారా చూసింది. నన్నెవరు అడిగారు గనక, అనుకుంది. ఆ తర్వాతా ప్రతిసారీ అదే అనుకుంది. పెళ్లయినప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆమెని ఎవరూ ఇవాళ కూరేంటని తప్ప ఇంకేమీ అడగలేదు, నిజమే. కానీ ఆ అవమానం చాటున తానెంత హాయిగా ఉందో, చెరువు డబ్బుతో పెట్టించిన ఏసీ కింద ఎంత బాగా నిద్రపట్టిందో ఆమెకి ఇప్పుడే తెలిసొచ్చింది.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి భోజనాలకి కూర్చున్నాక బెంజమిన్ మళ్లీ కాగితాలు తీశాడు. లీజు పొడిగించాలట.

"పెట్టనండీ," అంది జాస్మిన్.

అత్తగారు ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపేసింది. బెంజమిన్ నవ్వాడు. చుట్టూ అందరూ తవ్వుకుంటున్నారని, మనమొక్కళ్లం మానేస్తే ఊరి నీళ్లు తియ్యగా అయిపోవని అన్నాడు.

"కావండీ. ఆ బోరు బాగవ్వాలంటే ఏళ్లు పడుతుంది." కాగితాలు అతని వైపు జరిపింది. "అయినా పెట్టను."

"నీ పేరున ఉంటే మటుకు నీదైపోద్దా ఆ పొలం?"

"నాదేనండీ," అంది. "అందులోంచి వాళ్ల బోర్లోకి దిగిన ఉప్పు కూడా నాదే."