సున్నం పెట్టిన కోడి

రండి, రండి, ఈ నీడలోకి జరగండి. వెనకున్నవాళ్లు ముందుకు రండి, ముందున్నవాళ్లు నోళ్లు మూయండి. శనక్కాయలు ఒలుచుకుంటే ఒలుచుకోండి గానీ, పటపటమనకుండా ఒలుచుకోండి. ఇది కోడి కథ. మధ్యలో ఎవరైనా మాట్లాడితే బెదిరి పారిపోతుంది, మళ్లీ పట్టుకురావడం నా వల్ల కాదు.

కంబదూరు దగ్గర మా ఊళ్లో సుంకప్ప అని ఒకడున్నాడు. ఇళ్లకు సున్నం కొట్టడం అతని పని. అతని భార్య తిమ్మక్కకు ఒక ఎర్రకోడి ఉండేది. పుట్టింటి నుంచి గంపలో తెచ్చుకున్న కోళ్లలో మిగిలింది అదొక్కటే, తక్కినవన్నీ తెగులుకు పోయాయి. దాని గుడ్లు పొదిగించి, మళ్లీ పెరడంతా కోళ్లు తిరుగుతుంటే చూడాలని ఆమె ఆశ.

అది కరువు సంవత్సరం. ఎంత కరువంటే, మా ఊరి కాకులు గుంతకల్లు పోయి, స్టేషన్లో కొళాయి కింద నీళ్లు తాగి, తిరుగు రైలెక్కి వచ్చేవి. వాటి మొహాలు చూసి టికెట్ కూడా అడిగేవాళ్లు కాదు. నేలలో పురుగు లేదు, పెరట్లో గడ్డిపోచ లేదు. ఇక కోడి ఏం తింటుంది, ఏం పెడుతుంది? తోలుగుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. పైన పెంకే ఉండదు, మెత్తటి పొర మాత్రం ఉంటుంది. పట్టుకుంటే నీళ్లు నింపిన బుడగలా ఊగుతుంది. ఒకరోజు అలాంటి గుడ్డు తిమ్మక్క వేళ్ల సందులోంచి జారి, గడప దాటి, వీధిలోకి నడుచుకుంటూ పోయింది. నేను ఎదురొచ్చి దారి కూడా ఇచ్చాను.

సుంకప్పకు భయం పట్టుకుంది.

"తోలుగుడ్డు ఇంటికి మంచిది కాదే. ఆదివారం నీ తమ్ముడు వస్తాండానని ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసినాడు గదా. సంగట్లోకి దీన్నే పులుసు పెట్టేద్దాం."

"నా కోడిని ముట్టుకో చూద్దాం! నీకు పులుసే కాదు, సంగటి గూడా ఉండదు."

"అబ్బబ్బ, గుడ్డుకు లేని పెంకు నీ నోటికుండాదే."

వాదించి వాదించి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆదివారం లోపల పెంకున్న గుడ్డు పెడితే కోడి బతుకుతుంది. పెట్టకపోతే చట్టిలోకి పోతుంది.

తిమ్మక్క గోడ దగ్గరికి పోయి, పక్కింటి మస్తానాబీతో గోడు చెప్పుకుంది.

"దానికింత సున్నం పెట్టు తిమ్మక్కా," అంది మస్తానాబీ. "పాతగోడ పెచ్చులు నలిపి నూకల్లో కలుపు. మా కోళ్లకు అట్లే చేసినా. పెంకు రాయి మాదిరి వస్తాది."

తిమ్మక్క ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే వీధి చివర నీళ్ల ట్యాంకరు హారన్ మోగింది. బిందెలు చంకన పెట్టుకుని పరుగెత్తుతూ మొగుడికి ఒక కేక వేసింది.

"ఏమయ్యో, కోడికి సున్నం పెట్టు!"

మస్తానాబీ చెప్పిన పెచ్చుల సంగతి సుంకప్ప వినలేదు. అతనికి తెలిసిన సున్నం గోడ మీద ఉండేదే. బకెట్లో కలిపాడు, గుడ్డలో వడకట్టాడు, కోడిని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కుంచె ముంచి, ముక్కు నుంచి తోక దాకా కొట్టేశాడు. పనిమంతుడు, ఆ మాట చెప్పాలి. కళ్లలో పడకుండా చుట్టూ సన్నగా అంచు వదిలి మరీ కొట్టాడు.

తిమ్మక్క తిరిగొచ్చి బిందె కింద పడేసింది.

"ఇదేం పనయ్యా!"

"నువ్వే గదే పెట్టమంటివి!"

"తినేదానికి పెట్టమంటి!"

"తినేదానికని చెప్పినావా? యాడన్నా మరక ఉంటే చూపించు!"

ఆ రోజు నుంచి కోడికి కష్టాలు మొదలయ్యాయి. మస్తానాబీ వాళ్ల పుంజు దాన్ని ఫారం కోడి అనుకుని మొహం తిప్పుకుంది. మనుషులు దగ్గరికి పోతే, మళ్లీ కుంచె తెచ్చారనుకుని గోడెక్కేది. తిమ్మక్క పెచ్చులు కలిపిన నూకలు చల్లినా అటువైపు తొంగి చూడలేదు. పొద్దస్తమానం మూలన కూర్చుని, సిగ్గుతో, ఒళ్లంతా ముక్కుతో గీక్కునేది. గీకిన సున్నం గీకినట్టే మింగేది. శనివారానికి మళ్లీ ఎర్రగా తేలింది గానీ, గుడ్డు మాత్రం పెట్టలేదు.

ఆదివారం రానే వచ్చింది. తిమ్మక్క తమ్ముడు ఓబుళేసు, గుంతకల్లు రైల్వేలో పని చేసేవాడు, చేతిసంచితో దిగాడు. సుంకప్ప కత్తి నూరాడు. తిమ్మక్క కోడి మీద గంప బోర్లించి, దాని ముందు కూర్చుంది. గోడ అవతల జనం చేరారు.

"లెయ్యే. మాటంటే మాటే," అన్నాడు సుంకప్ప. గొంతులో బలం లేదు.

"ముందు నన్ను కొయ్యి."

"అక్కా, నాకు పులుసొద్దక్కా," అన్నాడు ఓబుళేసు. కానీ సుంకప్ప అప్పటికే గంప అంచు పట్టుకున్నాడు.

లోపల నుంచి "ఠంగ్" మని శబ్దం వచ్చింది.

గంప ఎత్తి చూస్తే కింద పరిచిన కడపరాయి బండ రెండుగా చీలింది. ఆ చీలిక మధ్యలో, తెల్లగా నిగనిగలాడుతూ గుడ్డు.

ఓబుళేసు దాన్ని రెండు చేతులా ఎత్తి, "ఇది గుడ్డా, ఫిరంగి గుండా బావా?" అంటూ చట్టి అంచుకు కొట్టాడు. చట్టి పగిలింది. రోకలితో కొడితే రోకలి చివరున్న ఇనుప పొన్ను ఊడిపోయింది.

సుంకప్ప కత్తిని తీసుకుపోయి అటక మీద పెట్టాడు. అందరికంటే ఎక్కువ సంతోషం అతనిదే, పైకి చెప్పలేదంతే. "ఈ పూటకు శనక్కాయల ఊరుబిండితో సర్దుకో బామ్మర్దీ," అన్నాడు.

తిమ్మక్క గుడ్డును తమ్ముడి చేతిలోంచి లాక్కుని గంపలో గడ్డి మీద పెట్టింది.

"అంత గట్టి గుడ్డులోంచి పిల్ల ఎట్లొస్తాదక్కా?"

"దాని తల్లి మొండితనం దానికి రాకుండా పోతాదా? వస్తాదిలే."

కోడి వచ్చి, అందరినీ ఒకసారి అనుమానంగా చూసి, గుడ్డు మీద కూర్చుంది.

గోడ మీద గడ్డం ఆనించి అంతసేపూ చూస్తున్న ఎదురింటి జయరాముడు అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"సుంకప్పన్నా, మా ఎనుము పాలు మరీ పలచగా ఇస్తాండాది. దానికి యా రంగు కొడతావప్పా?"