వంటింటి దాకా రాని సిగ్నల్

పేటంతా అతన్ని సిగ్నల్ మాస్టారంటారు. ఎవరింట్లో వైఫై గోడ దాటకపోయినా పొద్దున్నే అతనికే ఫోను. మెష్ రౌటర్లనే, అరచేతిలో పట్టే తెల్ల డబ్బాలు తెచ్చి తలో మూలా పెడతాడు. ఒకదాన్నించి ఒకటి సిగ్నలందుకుని ఇల్లంతా పంచుతాయి. "సిగ్నల్ లేని చోట పెట్టకండి బాబూ! దానికే లేనిది మీకేం ఇస్తుంది? సగం దారిలో పెట్టాలి," అని ఇంటింటా పాఠం చెబుతాడు.

సొంతింట్లో మాత్రం డబ్బా ఒక్కటే, అదీ హాల్లో. సిగ్నలందని వంటింట్లో అతని భార్య కనిపించదు. పెళ్లయిన కొత్తలో వేళ్ల చివర్లే మసకబారేవి, ఇప్పుడు మొత్తం మనిషే. పడగ్గదీ వెనకవైపే, అక్కడికీ సిగ్నల్ రాదు. హాల్లో కూచుందామంటే అక్కడంతా అతని వైర్లూ, అతని ఫోన్లూనూ. కూతురు గాల్లో తిరిగే గరిటెను చూసి "అమ్మా, నా సాక్సులేవీ?" అంటుంది. సాక్సులొచ్చేస్తాయి. ఇంకేం కావాలి ఎవరికైనా!

పోయినవారం ఆవిడ పిల్లలకి వీడియోలో లెక్కలు చెప్పే ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చింది. "కుక్కరొక్కటే కనిపిస్తోందమ్మా," అని ఫోను పెట్టేశారు. ఇవాళ పదకొండింటికి ఆఖరి అవకాశం ఇచ్చారు.

"వంటింట్లో ఒక డబ్బా పెట్టండీ," అని గాలిలోంచి మూడుసార్లు అడిగితే, విసుక్కుంటూ తెచ్చి పొయ్యి పక్కన ప్లగ్గులో గుచ్చేశాడు. ఎర్రలైటు వెలిగింది. ఊరందరినీ తిట్టే తప్పు తనే చేశాడు, తెలిసే చేశాడు.

పదకొండుకి రెండు నిమిషాలుంది. "ఎర్రగానే ఉందండీ," అంది గొంతు. ఏడుపు మింగుతున్న గొంతది. అతనికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. డబ్బా పీకి, పొడుగు వైరు తగిలించి, నడవలో సగం దారికొచ్చాడు. అక్కడ పెట్టడానికి బల్ల లేదు, తగిలించడానికి మేకు లేదు. తనే రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.

లైటు పచ్చగా మారింది. వంటింట్లో ముందు చీర అంచు, తర్వాత మోచేతులు, తర్వాత మొహం వచ్చాయి.

"ఇప్పుడు బాగా కనిపిస్తున్నారమ్మా," అంది ఫోన్లో ఒకావిడ. గంటసేపు భిన్నాలు చెప్పించుకుని, చివర్లో అడిగింది. "మీవారేం చేస్తారు?"

"అందరిళ్లలో నెట్ పెడతారండీ."

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. అందుకే అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"సోమవారం నించి మొదలుపెట్టండి," అన్నారు.

ఆవిడ ఫోను పెట్టేసి ఇటు తిరిగింది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ముక్కుమీద కళ్లజోడుంది.

"ఇదెప్పుడు పెట్టుకున్నావ్?"

"నాలుగేళ్లయింది."

అతను డబ్బాని ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇంక దించండి, చేతులు పీకుతాయి," అందావిడ.

"ఉండనీ," అన్నాడు.