చీమ దూరని వైఫై పెట్టె

ఆమెకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఒక్కటే: పైగదిలో పసిది గుక్కపట్టి ఏడుస్తుంటే, కింద కుట్టుమిషను రొదలో తనకు వినబడకపోవడం.

కిందనే పడుకోబెడదామంటే గుడ్డనూగు పిల్లకు పడదు. అత్తగారిని పైన కూర్చోబెడదామంటే ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. అందుకే ఉయ్యాలకు ఎదురుగా చిన్న కెమెరా పెట్టించింది. ఫోను దారపు కండెకు ఆనించి, ఒక కన్ను సూది మీద, ఒక కన్ను తెర మీద వేసి కుట్టేది.

ఆ రోజు పిల్ల ఎంత బుద్ధిగా పడుకుందంటే, దుప్పట్లోంచి బయటికొచ్చిన పాదం కూడా కదపలేదు. "నా బంగారమే!" అనుకుంటూ, సాయంత్రానికి ఇవ్వాల్సిన బడి చొక్కాలకు చకచకా జేబులు వేస్తోంది.

దారాల డబ్బా కోసం ఎలాగో మెట్లెక్కిన అత్తగారు మెట్ల మీంచి కేకేసింది.

"అమ్మాయ్! పిల్ల ఏడ్చి ఏడ్చి కందగడ్డయింది. నీకు చీమ కుట్టినట్టయినా లేదా?"

చేతిలోని చొక్కా పక్కన పడేసింది. రెండేసి మెట్లెక్కి వెళ్ళి పిల్లను ఎత్తుకుంది. పాలు పడితే పిల్ల ఊరుకుంది గానీ, తల్లి గుండె ఊరుకోలేదు. ఫోనులో చూస్తే, పిల్ల ఇంకా నిద్రపోతూనే ఉంది! తెర మీది బొమ్మ ఎప్పుడు బిగుసుకుపోయిందో ఏమో.

పిల్లను ఉయ్యాలలో వేసి కిందికి పరుగెత్తింది. గోడకున్న వైఫై రౌటరు పెట్టెలో ఎర్ర లైటు. తీగ పీకి మళ్ళీ పెట్టింది. అయినా ఎర్రదే. కంపెనీకి ఫోను చేసింది.

"వెనకాల సన్నటి రంధ్రం ఉంటుంది మేడమ్. పిన్నీసుతో నొక్కి, లైట్లన్నీ ఆరేదాకా వదలకండి," అంది అవతలి అమ్మాయి.

పక్కనున్న ఇంగ్లీషు అక్షరాలను 'రీసెట్' అని కూడబలుక్కుని, నొక్కింది.

"ఏం కాలేదమ్మా."

"గట్టిగా నొక్కండి మేడమ్."

"తల్లీ, ఇంకాస్త నొక్కితే పిన్నీసు పక్కింట్లో తేలుతుంది!"

"అయితే బటన్ పోయినట్టుంది. మా మనిషి ఎల్లుండి వస్తాడు."

ఎల్లుండా! అప్పటిదాకా మెట్లెక్కి దిగుతుంటే చొక్కాలెవరు కుడతారు? కుడుతూ కూచుంటే పిల్ల ఏడుపెవరు వింటారు? చదువు ఎనిమిదితో ఆగబట్టే ఈ పెట్టెకు కూడా తను లోకువైందనిపించి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కమ్మీ పట్టుకుని దిగి వచ్చిన అత్తగారు నసిగింది. "ఆ పిన్నీసు ఎక్కడ గుచ్చుతున్నావే? ఆ వెనకాల రంధ్రంలోనా?"

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"వెచ్చగా ఉందని చీమలు అందులో కాపురం పెట్టాయే. మొన్న దారానికి రాసే మైనం ముద్ద చేసి కుక్కా. వేలితో నున్నగా అద్దా కూడానూ." ఆఖరి మాట కాస్త గర్వంగానే వచ్చింది.

ఆ ఇంట్లో చిరుగైనా చిల్లైనా ఆవిడ కంటబడితే మూతపడాల్సిందే.

"ఇంకా నయం, నా నోరు కుట్టేశారు కాదు!"

"చేతకాక కాదులే! తప్పు నాది. నువ్వు దాని సంగతి చూడు, పిల్ల దగ్గర నేను కూచుంటా." మెట్టుకో మూలుగుతో ఆవిడ పైకెళ్ళింది.

కుట్లు విప్పే కొక్కెంతో కోడలు మైనం తవ్వింది. తేనెరంగు ముక్కలతో పాటు ఎండిన చీమలూ రాలాయి. పిన్నీసు దూర్చితే ఈసారి అడుగున టిక్కుమంది. వేలు నొప్పెట్టినా వదల్లేదు. లైట్లన్నీ ఆరాయి. ఆమె ఊపిరీ ఆగింది. తర్వాత ఒక్కొక్కటే వెలిగి, ఆఖరిది పచ్చబడింది.

రీసెట్ చేస్తే మొదటి పాస్‌వర్డే తిరిగొస్తుంది, దాన్ని ఎవరూ ఎప్పుడూ మార్చలేదు గనక కెమెరా తనంతట తనే అందుకుంది. తెర మీద పిల్ల కాళ్ళాడిస్తూ ఆడుకుంటోంది. పక్కన నేల మీద అత్తగారు చేతులూపుతూ ఏదో అంటోంది. ఆ కెమెరాలో మాట వినబడదు.

"ఎంత ముచ్చటగా ఆడిస్తోందో!" అని మురిసిపోయి జేబు కుట్టింది. ఆవిడ ఊపుతూనే ఉంది. ఇంకో జేబు కుట్టింది. ఆవిడ ఇంకా ఊపుతూనే ఉంది. ఇప్పుడు చూస్తే ఆ చూపు పిల్ల వైపు లేదు, సూటిగా కెమెరాలోకి ఉంది. అనుమానమొచ్చి పైకి పరుగెత్తింది.

"వచ్చావా తల్లీ! కూచోవడమైతే కూచున్నా, మోకాళ్ళు లేవనిస్తేగా! ఆ కెమెరాకు దండాలు పెట్టీ పెట్టీ చేతులు పడిపోయాయి!"

చంకల కింద చేతులేసి లేపబోయి నవ్వాపుకోలేక ఇద్దరూ మళ్ళీ కూలబడ్డారు. అది చూసి పిల్ల పకపకా నవ్వింది.

మీ ఇంట్లోనూ తెర మీద ఓ పెద్దావిడ చేతులూపుతూ కనబడితే, బాగానే ఉందిలే అనుకోకండి. చేతిలోది పక్కనపెట్టి, ఒక్కసారి మెట్లెక్కి చూసి రండి.