పల్లపు వరసలో మొదటి ఇల్లు

ఎసరు మరుగుతుండగానే పొయ్యి పక్కన గచ్చు పగిలింది. వారం రోజులుగా ముసురు పట్టి గోడలన్నీ చెమ్మగిల్లి ఉన్నాయి గనక ఆమె మొదట ఆ చప్పుడు లెక్కచెయ్యలేదు. గిన్నె ఒక పక్కకి ఒరిగి, నీళ్ళు నిప్పుల మీద పడి బుస్సుమన్నాక గానీ వంగి చూడలేదు. పగులులోంచి నల్లటి అంచు ఒకటి జానెడు మేర పైకి పొడుచుకొచ్చి ఉంది. కాలితో తొక్కింది. కాస్త కిందికి దిగి, కాలు తియ్యగానే మళ్ళీ లేచింది.

"ఏంటే అది? పామా?" మంచం మీంచి అత్త అరిచింది.

"పామైతే బాగుండేదత్తా. కర్రతో కొట్టేదాన్ని."

"మరింకేంటి?"

"టైరు."

ఏళ్ళ తరబడి టైర్లు కోసిన మనిషి ఆమె. అది లారీ టైరని అంచు చూడగానే తెలిసింది. దాని మీద ఎక్కడా కత్తి పడలేదనీ తెలిసింది. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి అక్కడే చతికిలబడింది.

"మన కింద లేవన్నాడుగా మీ తమ్ముడు?" అంది అత్త.

అన్నాడు. ఆ మాట నమ్మే ఆమె ఇల్లు కట్టింది.

ఒకప్పుడు ఆ పల్లం నిండా టైర్ల కొండ ఉండేది. ఎవరు పోశారంటే అందరూ పోశారు. వాటిలో నిలిచిన వాననీటికి దోమలు, దోమలకి జ్వరాలు. చుట్టుపక్కల కూలి జనం చస్తున్నంత కాలం ఎవరికీ పట్టలేదు. ఒక ఎండాకాలం ఆ కొండకి నిప్పంటుకుని, ఆ పొగ పెద్దవాళ్ళ కిటికీల దాకా పోయాక ప్రభుత్వానికి మెలకువ వచ్చింది. చట్టం చేశారు. కొత్త టైరు కొన్న ప్రతివాడి దగ్గరా కొంత రుసుము వసూలు చేసి, ఆ డబ్బుతో పాతవి ఏరి, కోసి, ముక్కలు రబ్బరు మిల్లుకి పంపాలి. కాగితం మీద చట్టం మేలిమి బంగారం. ఆ పని పట్టిన కాంట్రాక్టరుకి టైరుకి నలభై రూపాయలు ముట్టేవి. కోసినవాళ్ళకి మూడు.

టైరు అంచులో ఉక్కు తీగ ఉంటుంది. అది కోసేవాళ్ళ అరచేతులు చూస్తే అన్నం సహించదు. ఎంత కోసినా గడువులోగా కొండ తరగదని తేలాక కాంట్రాక్టరు బుల్‌డోజరు తెప్పించి పల్లంలో గోతులు తీయించాడు. కోయకుండానే పూడ్చెయ్యమన్నాడు. "పైన మొక్కలు వేస్తారట, మనకేం పోయింది" అని పనివాళ్ళకి నచ్చజెప్పినవాడు మేస్త్రి. మేస్త్రి ఎవరో కాదు, ఆమె తమ్ముడే. పూర్తి టైరు పొట్టలో గాలి చిక్కుకుంటుందనీ, ఎంత మట్టి కప్పినా నాలుగు వానలు పడితే పైకి తేలుతుందనీ అక్కడ అందరికీ తెలుసు. అయినా పూడ్చారు. కూలి ఇచ్చారు, ఆమె కూడా పూడ్చింది.

ఏడాది తిరక్కుండా ఆ నేలే పనివాళ్ళకి ఇళ్ళ జాగాలుగా ఇస్తామన్నారు. చదును చేశాక ఎక్కడ గొయ్యి ఉందో, ఎక్కడ గట్టి నేల ఉందో చెప్పగలిగింది మేస్త్రి ఒక్కడే. పంపకమూ అతని చేతి మీదే జరిగింది. "నీ జాగా కింద ఒక్కటీ లేదక్కా. ఏరికోరి ఇచ్చాను. కుళాయి కూడా దగ్గరే" అన్నాడు. చెవులకున్నవి అమ్మి, మొగుడు పోయినప్పుడొచ్చిన నాలుగు డబ్బులూ కలిపి ఆమె గోడలు లేపింది. పల్లపు వరసలో మొదటి ఇల్లు ఆమెదే.

మధ్యాహ్నం కాకముందే మేస్త్రి వచ్చాడు. ఎవరూ కబురు పెట్టలేదు. వీధిలో ఆగిన చిన్న లారీలో మట్టీ, రెండు సిమెంటు బస్తాలూ, గునపం, పారా ఉన్నాయి. తడిసిన చెప్పులతోనే లోపలికి వచ్చి నేల వంక చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"జరుగక్కా. పైకొచ్చినంత మేర కోసేసి గచ్చు వేసేస్తాను."

"నీకెవరు చెప్పార్రా?"

"నిన్నట్నుంచీ ఆ చివర రెండిళ్ళలో లేచాయి. ఇటూ వస్తుందనుకున్నాను. టైర్ల పని సరిగ్గా జరిగిందో లేదో చూడ్డానికి ఇవాళ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆయన సరేనంటే కాంట్రాక్టరుకి ఆఖరి బిల్లు వచ్చేస్తుంది. అప్పటిదాకా దీని మీద అత్త మంచం వేసెయ్."

"నా కింద ఒక్కటీ లేదన్నావు."

మేస్త్రి టైరు అంచుని కాలితో నొక్కాడు. "ఎక్కణ్ణుంచో జరిగొచ్చి ఉంటుంది."

"అవును నాయనా, చలేసి ఉంటుంది. పొయ్యి దగ్గర కాచుకుందామని కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది" అంది అత్త.

అంతలో పక్కింటి తాపీ పనివాడు గుమ్మంలోకి వచ్చాడు. అతని నెత్తి మీంచి నీళ్ళు కారుతున్నాయి, చేతిలో తన గోడ పెచ్చు ఒకటి ఉంది. దాన్ని మేస్త్రి కాళ్ళ ముందు పడేశాడు.

"గుల్ల నేలేమో మేస్త్రీ, కట్టనా వద్దా అని నిన్ను అడిగానా లేదా? ఏమన్నావు? మా సొంత అక్కకే ఇచ్చాను, తోడబుట్టినదాన్ని గోతి మీద కూర్చోబెడతానా అన్నావు. ఆ ఒక్క మాట మీద ఈ వరసంతా లేచింది." ఆమె వైపు తిరిగాడు. "నువ్వు కట్టావనే మేమూ కట్టామమ్మా."

ఆమె తమ్ముడి ముఖంలోకి చూసింది. అతని ఇల్లు పైన రోడ్డు వారన ఉంది. దానికి పునాది తీసిననాడు గునపం దిగక పనివాళ్ళు తిట్టుకోవడం తను కళ్ళారా చూసింది. తమ్ముడికి గట్టి నేల దొరికిందని ఆ రోజు ఎంత సంబరపడిందో. తన పునాదికి మాత్రం పార వెన్నలో దిగినట్టు దిగింది. పని తొందరగా అయిపోతోందని మురిసిపోయింది, పిచ్చిముండ.

"తెలిసే ఇచ్చావా?"

మేస్త్రి గొంతు తగ్గించాడు. "నేనేం చెయ్యనక్కా? మేస్త్రి అక్కే ముందు కట్టకపోతే ఒక్కడూ ఇటు రాడన్నాడు కాంట్రాక్టరు. కాదంటే నా పని పోయేది. పూడ్చాక ఒక వానాకాలం గడిచినా లేవలేదుగా, ఇక లేవవనుకున్నాను."

"నన్ను ఎర వేశావన్నమాట."

మేస్త్రి కాళ్ళ ముందున్న గోడ పెచ్చుని చెప్పుతో పక్కకి నెట్టాడు.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయట" అంటూ అత్త గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆమెకి ఏడుపు రాలేదు. కోపం కూడా వెంటనే రాలేదు. తల్లి పోయేనాటికి వీడు పాలు మరవని పిల్లాడు. చంకనేసుకుని పనికి పోయేది. తన కూటిలో సగం వీడికి పెట్టేది. ఏనాడూ పెట్టింది ఎత్తిపొడవలేదు. ఆ చంకలో పెరిగినవాడు తనని జనానికి చూపించి బేరం కుదుర్చుకున్నాడనుకుంటే ఒళ్ళంతా కంపరమెత్తింది.

వీధిలో జీపు ఆగింది. ఇన్‌స్పెక్టరు గొడుగు ముడుస్తూ గుమ్మంలోకి వచ్చాడు. అతని కింది ఉద్యోగి జీపు దిగలేదు. ఇన్‌స్పెక్టరు పెద్ద దుర్మార్గుడేం కాదు, అలిసిపోయిన మనిషిలా ఉన్నాడు. చంకలో కాగితాల అట్ట, జేబులో కలం. రాగానే అతని చూపు నేల మీద పడింది.

"ఏంటిది?"

ఆమె నోరు తెరిచేలోగా మేస్త్రి అందుకున్నాడు. "మా అక్కదే సార్. పొయ్యి ఎత్తు కోసం అడుగున టైరు పెట్టుకుని పైన గచ్చు వేసుకుంది. చదువులేనిది, తెలియక చేసింది."

ఆ అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో విని అత్త లేచి కూర్చుంది.

"ఇళ్ళలో పాత టైర్లు ఉంచుకోకూడదని చట్టం ఉంది. తెలుసా అమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"జరిమానా నేను కడతాను, ఊరుకో అక్కా" మేస్త్రి ఆమె చెవి దగ్గర గొణిగాడు.

"నేను పెట్టుకోలేదయ్యా" అందామె. "నా ఇంటికంటే ముందే ఉంది. ఈ వరసంతా ఉన్నాయి."

ఇన్‌స్పెక్టరు గుమ్మం బయట పోగైన జనాన్ని చూశాడు. "చూడమ్మా, ఇది ఒక్కటే అయితే నీ ఒక్కదాని పొరపాటు. ఏదో చిన్న జరిమానాతో పోతుంది. నేల కింద ఉన్నాయని రాశానంటే ఈ వరస మొత్తం ఖాళీ చేయించాలి. మళ్ళీ జాగాలిస్తారో ఇవ్వరో నా చేతిలో లేదు. ఏది రాయమంటావు?"

ఇందాక అంత ఎగిరిన తాపీ పనివాడు రెండు చేతులూ జోడించాడు. "ఒక్కటే అనెయ్యమ్మా. నీ జరిమానా మేం తలా ఇంత వేసుకుంటాం. ఈ వానలో పిల్లల్నేసుకుని ఎక్కడికి పోతాం?"

వెనక నుంచి ఇంకెవరో "అనెయ్యమ్మా" అన్నారు. ఆమెకి వాళ్ళ మీద కోపం రాలేదు. నెత్తి మీద కప్పు పోతుందంటే ఎవరైనా అదే అంటారు. నిన్నటిదాకా తనూ అదే అనేది.

లేచి వీధిలోకి నడిచింది. లారీలోంచి గునపం తీసుకుని లోపలికి వచ్చింది.

"వీళ్ళు నా ఇల్లు చూసి కట్టుకున్నారయ్యా" అంది ఇన్‌స్పెక్టరుతో. "ఒక్కటే అని నేనంటే వీళ్ళు దాన్నీ నమ్ముతారు. రేపు గోడ కూలితే పిల్లల మీద కూలుతుంది. ఒక్కటే అని నా నోటితో అనను. పూడ్చింది ఈ చేతులే, అది రాసుకోండి. పూడ్చమన్నది ఎవరో అది కూడా రాయండి."

"అక్కా!" మేస్త్రి గునపం పట్టుకున్నాడు. "నా కొంప ముంచుతావా?"

"నీ కొంప గట్టి నేల మీద ఉందిరా. మునగదు. వదులు."

వదల్లేదు. ఆమె లాక్కుంది. ఉక్కు తీగలతో పోట్లాడిన చేతులవి, వాడి చేతులు పర్యవేక్షణకి మెత్తబడ్డాయి. మొదటి పోటుకి గచ్చు బీటలు వారింది, రెండో పోటుకి పెచ్చులు లేచాయి. పొయ్యి కూలి బూడిద నీళ్ళల్లో కలిసింది. బురద కక్కుకుంటూ టైరు సగానికి పైకి లేచింది. దాని కడుపులోంచి మురుగు నీళ్ళు ఇల్లంతా పారాయి. ఆ కింద ఇంకో టైరు అంచు కనిపించింది.

"అయ్యో, ఆపమ్మా!" అన్నారు బయట ఎవరో. ఎవరూ లోపలికి వచ్చి ఆపలేదు. తాపీ పనివాడు గుమ్మం పట్టుకుని నేల వంకే చూస్తున్నాడు.

"అత్తా, మంచం దిగి అవతలికి పో" అందామె.

"నువ్వు కానివ్వవే. నా మంచం సంగతి నేను చూసుకుంటా" అంది ముసలిది.

ఆమె కొంగు నడుముకి బిగించి, గునపం మంచం వైపు జరిపి, మళ్ళీ ఎత్తింది. ఇన్‌స్పెక్టరు కలం చేతిలోకైతే తీసుకున్నాడు గానీ, మూత ఇంకా తియ్యలేదు.