దెబ్బ పాఠం

ఠంగ్ మంది చావి. ‘స్తోత్రం’ అన్నాడు బంగారయ్య. రెండడుగులు వేసి ఇంకో చావిని కొట్టాడు. ఠంగ్. ‘స్తోత్రం.’ మూడోది ఠంగ్ మనలేదు, దబ్ మంది. దబ్ మందంటే వదులైందని అర్థం. రెండు చేతులా సుత్తి ఎత్తి, పాత పగవాడి నెత్తిన వేసినట్టు వేశాడు. ఠంగ్. ‘ఆమెన్.’

పట్టాను దాని కింది ఇనుప ప్లేటు దవడలో కదలకుండా పట్టి ఉంచే జానెడు ఇనుప ముక్కను చావి అంటారు. రైలు పోయినప్పుడల్లా అదిరి అదిరి అది వదులవుతుంది. వాటిని రోజూ కొట్టి బిగించడానికి రైల్వేవాళ్ళు ఒక మనిషిని పెట్టుకుంటారు. కాగితాల్లో అతను కీమాన్, రాయపూర్‌లో చాబీవాలా. చావి ఊడితే చావే గనక ఆ ఉద్యోగానికి సెలవులు తక్కువ, చలి ఎక్కువ. 1991 జనవరిలో ఆ శనివారం పొద్దున చలి మరీ ఎక్కువ.

పేరులో బంగారం, చేతిలో ఇనుము, ఇంట్లో రత్నం. భార్య పేరు రత్నకుమారి. ఇన్ని ఖనిజాలున్నా క్వార్టరులో ఉన్నవి సత్తు గిన్నెలే. పాలకొల్లు దగ్గర పల్లె నుంచి వచ్చి ఇరవై ఆరేళ్ళు సుత్తి మోశాక అతని కుడి భుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి జారింది. మనిషి నిలబడితే ఎప్పుడూ ఎవరి మాటో చెవి ఒగ్గి వింటున్నట్టుంటాడు. నిజానికి ఎవరి మాటా వినడు. అరచేయి గట్టిపడి, గీతలు చెరిగి, చెయ్యి చూసే జోస్యుడికి కూడా చదవడానికేమీ మిగల్చలేదు.

రోజుకు ఆరు కిలోమీటర్లు పట్టాల వెంబడి నడిచేవాడికి దేవుడు ఆరు వందల పాఠాలు చెబుతాడని బంగారయ్య నమ్మకం. వాటిలో ఒకటి ఏరుకుని ప్రతి ఆదివారం తెలుగు సంఘంలో సాక్ష్యంగా చెప్పేవాడు. చిక్కేమిటంటే పట్టాల మీద దొరికే పాఠాలన్నీ నెత్తుటివే. తల తెగిన గేదెను చూసి, క్రీస్తు లేని సంఘం ఇంతేనన్నాడు. రెండు ముక్కలైన పాము ఇంకా కొట్టుకోవడం చూసి, పాపం చచ్చినట్టుండి చావదన్నాడు. సంఘపెద్ద పాల్ గారికి పాలు పేరులోనే గాని, మాటలో తక్కువ, విరుగుడు ఎక్కువ. పోయిన వారం ఆయన చర్చి గుమ్మం దగ్గర బంగారయ్యను పట్టుకున్నాడు.

“బంగారయ్యా, నీ సాక్ష్యం విన్నాక మా ఇంట్లో మాంసం కూర పారబోశారయ్యా! రేపొచ్చే ఆదివారం ఆఖరు. మూడు నిమిషాలు. ఒక్క నెత్తుటి బొట్టు కనబడకూడదు.”

“నెత్తురు లేకుండా రక్షణ ఏదండీ అయ్యగారూ?”

“ఉంది. మాకు నీ నుంచి రక్షణ.”

కాబట్టి బంగారయ్య పొడి పాఠం ఒకటి సిద్ధం చేసుకున్నాడు. విశ్వాసి చావి లాంటివాడు, లోకపు అదురుకు వదులవుతాడు, దేవుడు సుత్తి దెబ్బ వేస్తాడు, దెబ్బ తగిలితేనే బిగుస్తాడు. అంతా బాగుంది గాని తెల్లారగట్ల టీ గ్లాసు ఇస్తూ రత్నకుమారి అన్న మాట ఆ పాఠంలో ముల్లులా గుచ్చుకుంటోంది.

“డేవిడు ఇవాళ ఒంటిగంట బండికి రూర్కెలా పోతన్నాడంట. పక్కా నౌకరీ. ఇక్కడికి రాడు. మీ లైను చివర స్టేషన్లోనే ఎక్కుతాడు. ఒక్క మాట మాట్టాడండి.”

“ఏం చెప్పాలో నాకు తెలుసులే.”

“పాఠం కాదండీ. మాట.”

డేవిడు వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. ఇరవై మూడేళ్ళు. సిల్తారాలో ఇనుము కరిగించే కొలిమి ముందు పని. రెండేళ్ళుగా అక్కడే గది తీసుకుని ఉంటున్నాడు, ఇంటి గడప తొక్కలేదు. తండ్రి సుత్తి, కొడుకు కొలిమి. మధ్యలో ఇనుము కాలి కాలి ఎర్రబడిందే గాని అతకలేదు.

పది గంటలకు ధర్సీవా వైపు మలుపులో పాలు మరవని దూడ కనబడింది. తెల్లవారుజాము గూడ్సు దాన్ని నడిమికి నరికి, వెనక సగాన్ని ముప్పై గజాలు ఈడ్చుకుపోయింది. నాలుగు కుక్కలు పేగులు పట్టుకుని చెరోవైపు గుంజుతున్నాయి. బంగారయ్య కంకర రాళ్ళు విసిరాడు. ఒక కుక్క పళ్ళు బయటపెట్టి మీదికి వచ్చింది. సుత్తి కర్రతో దాని మూతి మీద కొట్టాడు. అది కుయ్యోమని దొర్లి, లేచి, నెత్తురు కారే మూతితోనే మళ్ళీ దూడ దగ్గరికి పోయింది. దాన్ని చూసి అతనికి వెంటనే పాఠం తోచింది. తోచినందుకు మొదటిసారి కాస్త సిగ్గేసింది. కాళ్ళు పట్టి దూడను రెండు విడతలుగా పట్టాల మీద నుంచి లాగేసి, చేతులు మట్టితో రుద్దుకుని, ముందుకు నడిచాడు.

ఆ తర్వాతి చావి దబ్ మంది. కొట్టాడు. బిగియలేదు. ఇంకోటి వేశాడు. కుక్క మీది కోపం, పాల్ గారి మీది కోపం, గడప తొక్కని కొడుకు మీది కోపం అన్నీ కలిపి మూడోది వేశాడు. ఠంగ్ మనలేదు. టక్ మంది. ప్లేటు దవడ పగిలి, ముక్క ఎగిరి అతని మోకాలికి తగిలింది.

ఇరవై ఆరేళ్ళలో అతని చేతి కింద దవడ పగలడం అదే మొదలు. చేరిన రోజున మేస్త్రీ చెప్పిన మొట్టమొదటి మాట అది. అతిగా కొట్టకు, పోత ఇనుము, పగిలితే అతకదు.

బంగారయ్య కంకర మీద కూలబడ్డాడు.

ఎనిమిదేళ్ళ కిందట, ఒక ఆదివారం. పదిహేనేళ్ళ డేవిడు సండేస్కూలు ఎగ్గొట్టి ఖారూన్ నదికి గాలం వేయడానికి పోయాడు. మధ్యాహ్నం రెల్లుపుల్లకు గుచ్చిన కొర్రమీనులతో, ఒళ్ళంతా బురదతో, నోరంతా నవ్వుతో గుమ్మంలో నిలబడి “నాన్నా, ఇదిగో” అన్నాడు. సుత్తి మోసిన చెయ్యి ఆ ఎడమ దవడ మీద పడింది. ఒక్కటే దెబ్బ. పిల్లవాడు గోడకు కొట్టుకుని, చేపల మీద పడ్డాడు. చెవిలోంచి కారిన నెత్తురు చేపల పొలుసుల మీదికి జారింది. కర్ణభేరి చిరిగిందన్నాడు రైల్వే డాక్టరు.

అది కాదు అసలు సంగతి. ఆ పై ఆదివారం బంగారయ్య సంఘం ముందు నిలబడి అదే సాక్ష్యంగా చెప్పాడు. ప్రేమించే తండ్రే శిక్షిస్తాడన్నాడు. చెవికి కట్టుతో ముందు వరసలో కూర్చున్న పిల్లవాణ్ణి వేలెత్తి చూపించాడు. అందరూ ఆమెన్ అన్నారు. పాల్ గారు అందరికంటే గట్టిగా అన్నాడు. పిల్లవాడికి మిగిలిన ఒక్క చెవిలో ఆ ఆమెన్ పడింది.

చాబీ అంటే తాళంచెవే గనక, పరలోకపు తాళపుచెవులు పట్టిన శిష్యుడు పేతురుకు వారసుణ్ణని బంగారయ్య చాలాసార్లు ఛలోక్తిగా చెప్పుకున్నాడు. అదే పేతురు కత్తి దూసి ఒకడి చెవి తెగనరికాడని ఇన్నేళ్ళలో ఎన్నడూ గుర్తురాలేదు. ఆ చెవిని ముట్టి బాగుచేసినవాడు వేరే ఉన్నాడు. నరికినవాడు దాన్ని సాక్ష్యంగా చెప్పుకున్నట్టు ఎక్కడా రాయలేదు.

పగిలిన ప్లేటుకు సుద్దతో గుర్తు పెట్టి, లేచాడు.

స్టేషను ఇంకా అర కిలోమీటరుండగా, ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే కాలిబాట మీద ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని డేవిడు ఎక్కి వచ్చాడు. చెవులు కప్పేలా మఫ్లరు చుట్టుకున్నాడు. కొలిమి సెగకు కనుబొమలు సగం కాలిపోయి ఉన్నాయి.

“నువ్వేంటి ఇక్కడ?”

“డ్యూటీ. అటు కాదు, ఇటు నడు. బండొస్తాది.”

కొడుకును గట్టు అంచుకు పంపి, తాను పట్టాల వైపు నడిచాడు. పట్టాలు ఎడమన, తండ్రి మధ్యన, కొడుకు కుడిన. బంగారయ్య తన జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. పట్టాలనే చూస్తూ, తడుముకుంటూ, ఆ దెబ్బ దేవుడిది కాదని, తనదేనని, కోపమేనని, దాన్ని పాఠం చేసి అమ్ముకున్నానని, రేపు సంఘంలో ఆ మాటే చెబుతానని, అంతా చెప్పాడు. చెప్పేసరికి చెమట పట్టింది.

డేవిడు కొంత దూరం పోయాక తల తిప్పాడు. “ఏమన్నా అన్నావా?”

అప్పుడు తెలిసింది బంగారయ్యకు తాను ఏ చెవి పక్కన నడుస్తున్నాడో. జవాబు చెప్పేలోగా ఎదురుగా గూడ్సు కూత వేసింది. డ్రైవరుకు పచ్చజెండా చూపడానికి అలవాటుగా చెయ్యెత్తాడు. డేవిడు ట్రంకు వదిలేసి మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

యాభై పెట్టెలు పక్క నుంచి దడదడలాడుతూ పోయాయి. ఆ సేపంతా ఇద్దరూ అలాగే నిలబడ్డారు, ఒకడు చెయ్యెత్తి, ఒకడు మోచెయ్యెత్తి. బండి పోయాక డేవిడు చెయ్యి దించి, నవ్వబోయి, ట్రంకు అందుకున్నాడు. ఇద్దరూ స్టేషను చేరారు.

స్టేషన్లో ఒకే సిమెంటు బెంచీ. డేవిడు దాని మీద కూర్చున్నాడు. చుట్టూ తిల్దా మిల్లులకు పోయే కూలీలు మూటల మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. బండి వస్తోందని గంట కొట్టారు. బంగారయ్య హఠాత్తుగా టోపీ తీసి, సంఘం ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు.

“అందరికీ వందనాలు” అని అరిచాడు తెలుగులో. “వీడు నా కొడుకు. వీడి చెవి పగలగొట్టింది నేను. దేవుడు కొట్టమన్లేదు. నాకు కోపమొచ్చి కొట్టాను. ఇందులో పాఠమేమీ లేదు.”

కూలీలు బీడీలు దించి చూశారు. టీ అమ్మే ముసలమ్మ “కా హోగే, బబా?” అంది, ఏమైందయ్యా అన్నట్టు.

“చాల్లే నాన్నా, అందరూ చూస్తన్నారు” అన్నాడు డేవిడు. అంటూనే మఫ్లరు కిందికి లాగాడు. ఎడమ చెవిలో వేలుపెట్టి ఏదో తీసి పక్కన పెట్టాడు. ఆ చెవినే తండ్రి వైపు తిప్పాడు. “ఇక్కడ చెప్పు. మెల్లిగా.”

బంగారయ్య వంగాడు. చెవి దగ్గర చీము వాసన కొట్టింది. ఎనిమిదేళ్ళయినా అది కారుతూనే ఉందని అతనికి ఇంతదాకా తెలియదు. తప్పయిపోయింది బాబూ అన్నాడు. ఇంకా ఏదో అన్నాడు గాని దూరాన బండి కూతలో అది కలిసిపోయింది.

“వినబడిందా?”

“సగం.”

“మిగతా సగం?”

“ఉత్తరం రాయి.”

బండి వచ్చి రెండు నిమిషాలు ఆగింది. డేవిడు ట్రంకు లోపలికి తోసి తలుపు దగ్గర నిలబడ్డాడు. చెయ్యి ఊపలేదు. తండ్రి కూడా ఊపలేదు, ఆ చేతిని వెనక్కి పట్టుకుని నిలబడ్డాడు. రైలు మలుపు తిరిగి, ఫ్యాక్టరీల పొగలో కలిసింది.

బెంచీ మీద, కొడుకు కూర్చున్న చోట, పసుపచ్చగా తడిసిన చిన్న దూది ముక్క ఉంది.